రెండు తాళాల మనిషి

మీలో ఎవరైనా గదిలో ఫ్యాను తిరుగుతుండగానే బయటికి వచ్చి ఇది చదవడానికి కూర్చుని ఉంటే, ముందు వెళ్ళి ఆపి రండి. చదవడానికి తొందరేమీ లేదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను పిల్లలకు చెప్పిన మొదటి మాట అదే. ఇప్పుడు మీకూ అదే.

నేను చదివింది మూడో తరగతి. ఆ తర్వాత పలకల మీద రాయడం మానేసి పలకలు చేయడంలో పడ్డాను. మార్కాపురం చుట్టుపక్కల నా ఈడు ఆడవాళ్ళలో చాలామంది కథ ఇంతే. రాయిని పొరలుగా చీల్చేచోట, అంచులు కోసేచోట, చెక్క చట్రం బిగించేచోట నా వయసంతా గడిచింది. పలకలు అడిగేవాళ్ళు తగ్గిపోయి ఫ్యాక్టరీ మూతపడ్డాక, గిద్దలూరు రోడ్డులో కొత్తగా వచ్చిన ఇంజినీరింగు కాలేజీలో ఆయాగా చేరాను. అదే ఫ్యాక్టరీలో రాయి మోసిన ఒకాయన అప్పటికే అక్కడ వాచ్‌మన్‌గా ఉన్నాడు. ఆయన్ని నేను అన్నా అనేదాన్ని. మా ఇద్దరిదీ రక్తసంబంధం కాదు, రాతి సంబంధం.

అన్నకు రెండు తాళాలు తెలుసు. ఒకటి సాయంత్రం గదులకూ గేటుకూ వేసేది. రెండోది చెక్కభజన తాళం. దొనకొండ నుంచి కంభం దాకా ఏ ఊళ్ళో శ్రీరామనవమికి పోయినా ఆయన నేర్పిన జట్టు ఒకటి కనిపించేది. మెడలో ఈల, చేతిలో కంచు తాళాలు పట్టుకుని ఆయన నడుమ నిలబడితే చుట్టూ అందరి చేతుల్లో చెక్కలు ఒక్క చెయ్యి కొట్టినట్టు మోగాలి. ఒక్కడు తప్పినా ఆయన మొహం పచ్చి చింతకాయ కొరికినట్టు అయ్యేది. కాలేజీలో కూడా స్టూలు మీద కూర్చుని మోకాలి మీద వేళ్ళతో అడుగులు కట్టుకుంటూనే ఉండేవాడు.

"అన్నిటికీ నువ్వే తాళం ఏస్తావు, నీ నోటికి ఎవురేస్తారన్నా?" అనేదాన్ని.

"దానికి నువ్వుండావు గదా చెల్లే," అనేవాడు.

నన్ను వేసింది కంప్యూటర్ల గదికి. అక్కడ పాఠాలు చెప్పే మేడం మార్కాపురం బట్టల దుకాణం వాళ్ళ అమ్మాయి. ఇక్కడ పాఠాలు చెబుతూనే డాక్టరేటు చదువుతుండేది. నేను మేడమ్మా అనేదాన్ని. ఆ పిల్ల నన్ను అవ్వా అనేది, అన్నను పెదనాయనా అనేది. నేను తుడిచి పిండిన గుడ్డను కూడా నాలుగు మడతలు సరిచేసి మరీ ఆరేసేది. దుకాణంలో పెరిగిన చేతులు కదా.

చేరిన కొత్తలో ఒక సాయంత్రం గది మూయడానికి పోతే అందరూ వెళ్ళిపోయారు, మూలన ఒక కంప్యూటరు మాత్రం బర్రుమంటూ నడుస్తోంది. మనిషి లేని గదిలో కరెంటు కాలుతుంటే నా ప్రాణం ఊరుకోదు. ఆపబోయి చూస్తే దాని నెత్తిన ఒక చీటీ అంటించి ఉంది. 'ఆపవద్దు' అని పెద్ద అక్షరాలతో. నా కోసమే రాశారన్నమాట. మర్నాడు మేడమ్మను నిలబెట్టి అడిగాను.

"మనిషి లేంది అది ఏం జేస్తాంది మేడమ్మా?"

"గుండె కొట్టుకుంటాంది అవ్వా."

"ఎవురిది?"

"ఎవురిదీ కాదు. లెక్కల గుండె."

అని నన్ను కూర్చోబెట్టి చూపించింది. తెర మీద నీలంగా ఒక గుండె ముక్క. దాని మీద ఒక ఎర్రటి అల ఈ చివర పుట్టి ఆ చివరికి పోతోంది, కోతకొచ్చిన సజ్జ చేను మీద గాలి పోయినట్టు. అల పోయినచోటల్లా కండ ముడుచుకుంటుందట. అదే మనం గుండె కొట్టుకోవడం అనేది. ఆ పిల్ల ఏదో నొక్కింది. అల విరిగి, తన తోక తనే తరుముకునే కుక్కలాగా సుడి తిరగడం మొదలుపెట్టింది. ఒక సుడి రెండై, రెండు నాలుగై, తెరంతా చిందరవందర.

"ఇట్ల సుడి పడితే గుండె కొట్టుకోదు అవ్వా, ఊరికే వణుకుతుంది. ఏ ముక్కకు ఆ ముక్క సొంత పెత్తనం. నెత్తురు ముందుకు పోదు, మనిషి పడిపోతాడు. అప్పుడు బయటి నుంచి షాక్ ఇస్తారు."

ఇంకోటి నొక్కింది. తెరంతా ఒక్కసారి మండినట్టయి, తర్వాత మొత్తం నీలమైపోయింది. కాసేపటికి పైమూల నుంచి మళ్ళీ మంచి అల వచ్చింది. ఇంకోసారి తక్కువ షాక్ ఇచ్చి చూపించింది. అంతా నీలమైంది కానీ ఒక మూలన గోరంత ఎరుపు మిగిలింది. ఆ గోరంత నుంచే మళ్ళీ సుడి లేచింది.

"ఎక్కువ షాక్ ఇస్తే పని అవుతుంది, కానీ నొప్పి, కండకు దెబ్బ. ఎంత తక్కువతో పని అవుతుందో తెలుసుకోవడమే నా చదువు," అంది.

ఎంత తక్కువతో అన్న మాట విన్నప్పటి నుంచి ఆ పిల్ల నా మనిషి అయిపోయింది. ఫినాయిల్లో ఎన్ని నీళ్ళు కలిపితే ఇంకా వాసన నిలుస్తుందో చూసేదాన్ని నేను. మా ఇద్దరిదీ ఒకే చదువు అనిపించింది.

గుండె కండ కూడా మన పలక రాయిలాగా పొరలు పొరలుగా, ఒక వాలు మీద ఉంటుందని, కరెంటు వాలు వెంట పోయినంత సులువుగా అడ్డంగా పోదని చెప్పింది. అదొక్కటీ నా చేతులకు తెలిసిన సంగతి. మిగిలింది తలకెక్కలేదు. నాకు చూపింది చిన్న ముక్కేనట, లెక్కల గుండె మొత్తం ఒకటి రెండుసార్లు కొట్టుకోవడానికి ఆ యంత్రం తెల్లవార్లూ పనిచేయాలట. ఆ మాట విన్నాక నా రొమ్ము మీద చెయ్యి పెట్టి చూసుకున్నాను. ఇంత పని ఇన్నేళ్ళుగా ఊరికే, మీటరు తిరక్కుండా చేసిపెడుతోంది. ఇంతకన్నా పొదుపు సరుకు ఇంకోటి నేను చూడలేదు.

వేసవిలో మాకు కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. పోగానే నేను వరండాలోకి వచ్చి, "అన్నా, గుండె ఆగిపోతాది!" అని అరిచేదాన్ని. అన్న పంచె ఎగ్గట్టి జెనరేటరు దగ్గరికి పరుగెత్తేవాడు. అది అందుకున్నాక గేటు దగ్గర నుంచి చెయ్యి ఊపి, "మీ మేడమ్మ గుండె నా చేతిలో ఉండాది, జాగర్తగ మాట్లాడు," అనేవాడు.

జిల్లాలు విడగొట్టిన ఏడాది అది. మార్కాపురం జిల్లా కాలేదని రోడ్ల మీద ధర్నాలు జరుగుతుండేవి. ఒంగోలు ఎంత దూరమో ఆ ఏడు ఊరంతా మాట్లాడుకుంది. దూరం అంటే ఏమిటో మాకు మాత్రం ఇంకోలా తెలిసింది. ఒక ఉదయం కాలేజీ బస్సుకు గేటు తీస్తూ అన్న నిలువునా పడిపోయాడు. అదే బస్సులో మార్కాపురం తీసుకుపోయారు. దారిలో తెలివి వచ్చింది. అక్కడివాళ్ళు చూసి గుంటూరు పంపించారు.

గుంటూరులో డాక్టరు చెప్పింది ఇది. గుండె ఉన్నట్టుండి తాళం తప్పుతోంది. ఈసారి దానంతట అదే సర్దుకుంది, మళ్ళీ సర్దుకుంటుందన్న నమ్మకం లేదు. అప్పుడు దగ్గర్లో షాక్ ఇచ్చేవాళ్ళు ఉండరు. అందుకని మెడ ఎముక కింద చర్మంలో ఒక చిన్న డబ్బా పెడతారు. అది గుండెను కనిపెట్టుకుని ఉండి, సుడి పడితే లోపల నుంచే షాక్ ఇస్తుంది. ఖర్చు సర్కారు వైద్యం కార్డు మీద పోతుంది. ఉగాదిలోపు రమ్మన్నారు.

అన్న తిరిగొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. శివరాత్రి వెళ్ళింది. మనిషి కదలడం లేదు.

"ఎప్పుడు పోతాండావు?" అని అడిగితే, "పోదాంలే," అంటాడు. వదిన రోజూ ఏడుస్తోంది. ఒకరోజు కాస్త గట్టిగా నిలదీశాను.

"చెల్లే, నీకు తెలీందా? కరెంటు మా ఇంట్లో ఒకర్ని ఆపేసింది. ఇంకోణ్ణి ఆపేదానికి దాన్ని నేనే పిలిచి లోపల కూర్చోబెట్టుకోవాల్నా?"

నాకు తెలుసు. ఆయన తమ్ముడు వాన కురిసిన మర్నాడు బోరు మోటారు వేయబోయి, తడి చేత్తో స్టార్టరు ముట్టుకున్నాడు. అన్న అదే గట్టు మీద ఉన్నాడు. పరుగెత్తి వచ్చేసరికే అయిపోయింది. అటువంటి మనిషికి నేనేం చెప్పను? మేడమ్మ చెబితే వింటాడని గదిలోకి తీసుకుపోయాను.

మేడమ్మకు సంతోషం. కుర్చీ వేసి, తెర ఆయన వైపు తిప్పింది. మంచి అల చూపింది, సుడి చూపింది, షాక్ చాలకపోతే మూలన మిగిలే ఎరుపు చూపింది. అన్న భజనలో అడుగులు చూసినంత శ్రద్ధగా చూస్తున్నాడు. ఇక పని అయినట్టే అనుకున్నాను. అప్పుడు ఆ పిల్ల నోటి నుంచి ఆ మాట వచ్చింది.

"ఇప్పుడు చూడండి పెదనాయనా. షాక్ ఇస్తే గుండె మొత్తం ఒక్కసారి ఆగిపోతుంది."

తెర నీలమైంది. అన్న లేచి నిలబడ్డాడు. యంత్రం నెత్తిన ఉన్న చీటీ వైపు వేలు చూపించాడు. ఆయనకూ చదవడం వచ్చు.

"ఆపొద్దని రాసి పెట్టింది నువ్వే గదమ్మా. ఈ గుండె ఆగకూడదని ఎండల్లో నన్ను జెనరేటరు కాడికి ఉరికిస్తివి. దీనికైతే ఆపొద్దు, నాకైతే ఆపొచ్చునా?"

మళ్ళీ గది గుమ్మం తొక్కలేదు.

ఆ రోజు నేను మేడమ్మను వదల్లేదు. "తెలుగులో ఇన్ని మాటలుండగా ఆగిపోతుంది అన్నదే దొరికిందా నీకు?"

"నిజం అదే గదా అవ్వా. ఆగితేనే మళ్ళా సరిగ్గా మొదలయ్యేది."

"నిజమైతే మాత్రం! మీ దుకాణంలో చీరకు చిరుగుంటే ముందు కొంగు చూపిస్తారా, చిరుగు చూపిస్తారా?"

"చిరుగే చూపిస్తాం. నాయన అట్లనే నేర్పినాడు," అంది, కళ్ళు తుడుచుకుంటూ. ఆ తర్వాత ఎన్నో మాటలు వెతికింది పాపం. సర్దుతుంది అని, నిద్ర లేపుతుంది అని. గేటు దగ్గర నిలబడి చెప్పి వచ్చేది. అన్న నవ్వి తలూపేవాడు, అంతే. కరెంటు పోతే మాత్రం మునుపటిలాగే జెనరేటరు దగ్గరికి పోయేవాడు, పరుగు మానేసి నడిచి. ఉగాది దగ్గర పడుతోంది. ఆ మనిషి నడుస్తుంటే నాకు రోజూ గుండెలు అరచేతిలో పెట్టుకున్నట్టే ఉండేది.

ఆ నెలలోనే కాలేజీ వార్షికోత్సవం. పిల్లలు చెక్కభజన వేస్తామన్నారు, అన్న నేర్పుతానన్నాడు. ఎగరొద్దని డాక్టరు చెప్పాడు కాబట్టి మైదానం నడుమ స్టూలు వేసుకుని కూర్చుని నేర్పేవాడు. చెక్కలతో అరుగు పెచ్చులూడగొడతారేమోనని చీపురు పట్టుకుని నేనూ అక్కడే ఉండేదాన్ని.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. జెనరేటరు వేసి వచ్చి కూర్చున్నాడు. దాని మోత చెవులు చిల్లులు పడేట్టు ఉంది. పిల్లలు అడుగు తిరిగేచోట తాళం తప్పారు. ముందు వరస ఒకటి కొడుతోంది, వెనక వరస ఇంకోటి. ఒకడు పక్కవాణ్ణి చూసి సరిచేసుకోబోతే వాడు ఇంకొకణ్ణి చూసి చెడిపోతున్నాడు. సంతలో రేకులు పారేసినట్టుంది చప్పుడు. అన్న ఈల ఊదాడు. ఊపిరి చాలక మెల్లగా ఊదాడు. ముందు వరసలు ఆగాయి. వెనక వరస జెనరేటరు గది పక్కనే ఉంది, వాళ్ళకు వినబడలేదు. వాళ్ళు కొడుతూనే ఉన్నారు. ఆ చప్పుడు విని, ఆగినవాళ్ళు ఒక్కొక్కరే మళ్ళీ చెక్కలు ఎత్తారు. మళ్ళీ అదే రచ్చ.

అన్న స్టూలు మీద నుంచి లేచి, మెడ నరాలు ఉబ్బేట్టు ఊదాడు. ఒక్కసారిగా అంతా ఆగిపోయింది. ఒక క్షణం ఎవరి చేతులూ కదల్లేదు. ఆయన కంచు తాళం ఒక్కటి వేశాడు. అందరూ అందుకున్నారు, ఒక్క చెయ్యి కొట్టినట్టు.

వరండాలో స్తంభం పట్టుకుని చూస్తున్న మేడమ్మ చెప్పులు కూడా లేకుండా ఎండలోకి దిగింది.

"పెదనాయనా, ఇంకొకసారి చెడగొట్టించండి!"

"చెడగొట్టేది కూడా ఈళ్ళకు నేర్పాల్నా అమ్మా? అదొక్కటే వచ్చు ఈళ్ళకు."

పిల్లలు పడీ పడీ నవ్వారు. ఆ పిల్లకు ఆ నవ్వులేవీ పట్టలేదు. చిన్నగా ఊదమంటుంది, వెనక్కి పోయి నిలబడి చూస్తుంది. చిన్న చిన్న ఈలలు వరసగా ఊదమంటుంది. అన్న జబ్బు సంగతే మరిచిపోయింది. ఆమె తెర మొత్తం మైదానంలోకి దిగి ఆడుతున్నట్టుంది ఆమెకు. అన్న మాత్రం ఊదుతూ ఊదుతూ ఆగి, వెనక వరస వైపు చాలాసేపు చూశాడు.

"అమ్మా. నీ కంప్యూటర్లో మూలన ఎర్రగా మిగిలేది... ఈ యెనక వరసేనా?"

మేడమ్మ ఉన్నచోటే నిలబడిపోయింది. "అదే పెదనాయనా."

"ఈల అందరికీ ఇనపడాల. ఇనపడనోడు మిగిలితే మళ్ళా అందర్నీ చెడగొడతాడు."

"అదే. అదే నా చదువంతా."

పిల్లల్ని నీళ్ళు తాగి రమ్మని పంపించి, అన్న స్టూలు మీద కూలబడ్డాడు. ఈలను చేతిలో తిప్పుతూ, "నేను ఊదింది ఆపేదానికే," అన్నాడు తనలో తను.

నేనెందుకు ఊరుకుంటాను? "ఆపొద్దంటివి గదన్నా మొన్న!"

"ముందు నువ్వు నోరు ఆపు చెల్లే," అన్నాడు. తర్వాత మేడమ్మ వైపు తిరిగాడు. "ఈల ఊదింది నేనే, మళ్ళా తాళం ఏసింది నేనే. నాలో ఆ డబ్బా ఈల ఊదుతాది, సరే. ఊదినాక తాళం ఎవురేస్తారు?"

అప్పుడు అర్థమైంది నాకు. ఇన్నాళ్ళూ నేనూ మేడమ్మా ఆగడం గురించే చెప్పుకుంటూ వచ్చాం. ఆయన భయం ఆగడం కాదు. గట్టు మీద తమ్ముడి పక్కన కూర్చుని, మళ్ళీ తాళం ఎవరైనా వేస్తారేమోనని ఎదురుచూసిన మనిషి ఆయన.

మేడమ్మ ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది.

"గుండెలోనే ఒక గురువు ఉన్నాడు పెదనాయనా. పైన, కుడి పక్క. మనం పుట్టకముందు నుంచి తాళం ఆయనదే. సుడి పడినప్పుడు కూడా ఆయన ఏస్తానే ఉంటాడు, ఆ రచ్చలో ఎవురికీ ఇనపడదు. మీ గురువు బాగుండాడనే గుంటూరు డాక్టరు చెప్పింది. అల్లరంతా కింద వరసది."

"ఏయకపోతే?"

"డబ్బా చిన్నగా తట్టి అందుకునేదాకా నడిపిస్తుంది. అంతకుమించి నాకు తెలీదు. నేను డాక్టరును కాదు. ఇంకోటి కూడా చెప్పాల. నొప్పి ఉంటుంది. ఎద్దు తన్నినట్టు ఉంటుందంట."

"చిరుగు చూపిచ్చకుండ ఉండదు," అన్నాను నేను.

అన్న ఈలను గుప్పిట్లో మూసి, "మా తమ్మునికి తాకిందీ కరెంటే," అన్నాడు.

"కరెంటే పెదనాయనా. దానికి కొలత లేదు, వదిలేది లేదు. ఇది కొలిచి, ఒక్క క్షణం."

"కొలతే గదా నీ చదువు."

"ఆ కొలతే."

ఆయన మెడలో ఈల తీసి నా చేతిలో పెట్టాడు. "నేను గుంటూరు నుంచి వచ్చేదాక నీ కాడ ఉంచు. ఊదబాకు, నీ గాలికి జిల్లా అంతా ఆగిపోతాది."

ఉగాదికి ముందే పోయి పెట్టించుకుని వచ్చాడు. మెడ ఎముక కింద అగ్గిపెట్టెంత ఉబ్బు. పిల్లలందరూ చూస్తామంటే చొక్కా గుండీ విప్పి, ఒకసారికి మించి చూపించేవాడు కాదు. మనిషి మళ్ళీ మోకాలి మీద అడుగులు కట్టుకోవడం మొదలుపెట్టాడు. మేడమ్మ లెక్కల గుండె ఎప్పటిలాగే మూలన బర్రుమంటూ ఉంది, నెత్తిన చీటీతో. ఆ చీటీ చినిగిపోతే కొత్తది నేనే రాసి అంటించాను. మేడమ్మ ఒత్తు దిద్దింది.

ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం గేటు దగ్గర వేపచెట్టు నీడలో ఇద్దరం సజ్జ రొట్టె తింటున్నాం. నేను తెచ్చిన మజ్జిగ ఆయన గ్లాసులోకి వంచుకుంటూ ఏదో చెబుతున్నాడు. మాట మధ్యలో ఆగింది. తల పక్కకు వాలింది. నేను లేచేలోపే ఆయన ఒళ్ళు ఎవరో రొమ్ము మీద గుద్దినట్టు ఎగిరిపడింది. గ్లాసు ఎగిరి గేటుకు తగిలింది. ఆ తర్వాత మేడమ్మ కారు తెప్పించడం, గుంటూరు తీసుకుపోవడం, డబ్బా సరిగ్గానే పని చేసిందని వాళ్ళు చెప్పడం అన్నీ జరిగాయి. ఆ క్షణంలో మాత్రం అక్కడ మేమిద్దరమే. ఆయన మణికట్టు పట్టుకున్నాను.

అన్న కళ్ళు తెరిచాడు. జట్టును ఆగమన్నట్టు ఒక వేలు పైకెత్తాడు.

"ఊదినాడు చెల్లే."

"తాళం?" అన్నాను.

"ఏది, గేటుదా?"

అంత నొప్పిలోనూ మూతి చివర నవ్వు. చేతిలో చీపురు ఉంటే కొట్టేదాన్ని. అప్పుడు ఆయన అరచెయ్యి రొమ్ము మీద పెట్టుకున్నాడు. వెనక వరస అందుకుందో లేదో వినేటప్పటిలాగా తల కొంచెం వంచాడు. నేనూ ఊపిరి బిగబట్టాను.

"ఏసినాడు," అన్నాడు.

నా కళ్ళలో నీళ్ళు ఆయనకు కనబడకూడదని నేల వైపు చూశాను. తెల్లగా మట్టిలోకి ఇంకిపోతోంది.

"మజ్జిగంతా పారబోసినావు గదన్నా," అన్నాను.